రంగులవాళ్ళ రేవులో చప్పుడు

చీకటి పడ్డాక మా ఊళ్ళో రంగులవాళ్ళ రేవులోకి ఎవ్వరూ దిగరు. మా అమ్మ దిగేది కాదు, నిరుటిదాకా నేనూ దిగలేదు. కాలువ పొడుగునా ఎర్రలాంతర్లు వెలిగిస్తారు గానీ, మూతపడ్డ అద్దకాల కార్ఖానా వెనక, ఆ రేవు దగ్గర మాత్రం ఒక్కటీ ఉండదు. అక్కణ్ణించి చప్పుడొస్తుంది— థప్... థప్... ఎవరో బట్టలు బాదుతున్నట్టు.

షాంఘై నుంచి పొద్దున వచ్చి సాయంత్రం పోయే జనానికి, పసుపు జెండా పట్టుకున్న గైడ్లు చెప్పే కథ ఒకటుంది. యాభై ఏళ్ళ కిందట ఆ రేవులో మూడేళ్ళ పిల్లాడు మునిగిపోయాడట. వాణ్ణి చూస్తుండమని అప్పజెబితే పట్టించుకోని ఆడమనిషి, తర్వాత తనూ అందులోనే దూకిందట. నీళ్ళలో పోయినవాళ్ళకి తమ బదులు ఇంకొకర్ని లాగితేగానీ విముక్తి లేదు కదా... అందుకని ఇప్పటికీ అక్కడే కూచుని బట్టలుతుకుతూ, వచ్చినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తుందట.

నిరుడు చలికాలం ఈ కథ విని ఒకావిడ నా కుడుముల కొట్టు ముందు గోడ పట్టుకుని నిలబడిపోయింది. పేరు పీయున్. అరవైకి దగ్గర. షాంఘైలో నూలుమిల్లులో చేసి రిటైరయింది. పాత స్నేహితురాళ్ళతో ఒక్కపూట షికారుకని వచ్చింది. ఇక నేను చెప్పబోయేది చాలావరకు ఆవిడ నోట విన్నదే.

"ఏమే పీయున్, దెయ్యం పేరెత్తగానే మొహం పాలిపోయిందే!" అని ఓ లావుపాటి స్నేహితురాలు ఎగతాళి చేసింది. "ఐదున్నరకి బస్సు. ఈలోగా అది నిన్ను లాక్కుపోతే మేం వెతకం, ముందే చెప్తున్నా!"

అందరూ నవ్వారు. పీయున్ కూడా నవ్వింది. తను పుట్టింది ఈ ఊళ్ళోనేనని వాళ్ళలో ఒక్కరికీ తెలీదు. ఈ ఊరు వద్దంటే ఎందుకని అడుగుతారని, నోరు మూసుకుని బస్సెక్కింది.

ఆ పిల్లాడు ఆవిడ తమ్ముడే. అర్‌బావ్. అప్పటికి పీయున్‌కి తొమ్మిదేళ్ళు. తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండమని చెప్పి అమ్మ పనికెళ్ళింది. ఇంతలో సందులోకి ఇనపడబ్బాలో బియ్యం పేల్చి మరమరాలు చేసేవాడొచ్చాడు. ఢామ్మని పేలేసరికి పిల్లలంతా అటు పరుగు. తనూ పరిగెత్తింది.

తిరిగొచ్చేసరికి మెట్ల మీద చిన్న చెప్పు ఒక్కటే ఉంది.

రేవు అటు చివర, ఇటు వీపు పెట్టి బట్టలు బాదుకుంటోంది సూమెయ్. పక్క సందులో పిల్ల. ఇరవై మూడేళ్ళు. ఆమె ఏమీ చూడలేదు.

అమ్మ వచ్చి కూతురి జుట్టు పట్టుకుని "తమ్ముడేడే?" అని అరిచింది. భయంతో పీయున్ నోటికొచ్చింది అనేసింది— "సూమెయ్ పిన్నికి అప్పజెప్పి వెళ్ళానమ్మా!"

"నాకు చెప్పలేదు... నాకెవరూ చెప్పలేదు..." అని సూమెయ్ ఏడ్చింది. ఎవరు నమ్ముతారు? తొమ్మిదేళ్ళ పిల్ల అబద్ధమాడుతుందా అన్నారు. ఏడాది తిరక్కుండా పీయున్‌వాళ్ళు షాంఘై వెళ్ళిపోయారు. మళ్ళీ ఇదే రావడం.

వచ్చి విన్నదేమిటి? ఆమె దూకేసిందని.

'ఇద్దర్ని చంపానన్నమాట...'

ఐదయింది. కాలువ మీద మంచు కమ్మింది. స్నేహితురాళ్ళు మిఠాయి కొట్లో బేరాలాడుతుంటే పీయున్ మెల్లిగా వెనక్కి తప్పుకుంది. కాళ్ళు దారి మర్చిపోలేదు. కార్ఖానా గోడ వారగా నడిచి, మలుపు తిరిగి...

థప్...

ఆగిపోయింది.

థప్... థప్...

వెనక్కి పోవాలనే అనుకుందట. కానీ ఒక మెట్టు దిగింది. ఇంకోటి దిగింది. పాచిపట్టిన రాయి కాలికింద జారుతోంది. అడుగున, నీళ్ళ అంచున, మంచులో వంగిన వీపు ఒకటి... తెల్లజుట్టు... చేతిలోని బట్టలు బాదే చెక్క పైకి లేచి, అక్కడే నిలిచిపోయింది.

తల ఇటు తిరిగింది. చాలాసేపు చూసింది.

"అయున్..."

చిన్నప్పటి పేరు. ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు.

పీయున్ వెనక్కి అడుగేసింది. కాలు జారింది. మోకాళ్ళ దాకా నీళ్ళు. మంచుగడ్డలాంటి చెయ్యి ఒకటి మోచెయ్యి పట్టుకుని లాగింది— పైకి.

"పాచి కనబడ్డం లేదూ? ఇంకో శవాన్ని నా నెత్తిన పెట్టి పోదామనా?"

"పిన్నీ... నువ్వు... చచ్చిపోలేదా?"

"చస్తే మీకందరికీ హాయిగా ఉండేది. అంతా మీ అమ్మ మొహమే వచ్చింది నీకు. లేకపోతే పోల్చేదాన్ని కాదు."

సూమెయ్ దూకలేదు. ఎక్కడికీ పోలేదు. పగలు రేవులో కూచుంటే పక్కనున్న ఆడవాళ్ళు బక్కెట్లు తీసుకుని లేచిపోయేవాళ్ళు, పిల్లల్ని దగ్గరికి లాక్కునేవాళ్ళు. అందుకని దీపాలు పెట్టాక ఒక్కతే వచ్చి ఉతుక్కునేది. మా ఊరి దెయ్యం అదే. మాకందరికీ తెలుసు. గైడ్లు కథ చెబుతుంటే, జనం వస్తున్నారు గదా అని మేం నోరెత్తలేదు.

పీయున్ పళ్ళు చలికి టకటకా కొట్టుకుంటున్నాయి. "నీకు అప్పజెప్పలేదు పిన్నీ... నీవైపు చూడనైనా లేదు. దెబ్బలకి భయపడి..."

"నాకెందుకే చెప్తావ్? నాకు తెలియందా?" అంది సూమెయ్. "పైకెళ్ళి చెప్పు. గట్టిగా చెప్పు."

నా కొట్లో అప్పుడు పదిమంది దాకా తింటున్నారు. తడిసిన బట్టలతో ఆవిడ వచ్చి, గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడి, మొత్తం చెప్పేసింది. అవతల బస్సు హారన్ కొడుతోంది. స్నేహితురాళ్ళు వెతుక్కుంటూ వచ్చి వాకిట్లో నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. మూలబల్ల దగ్గర ముసలాయన "వినపడలేదమ్మా" అంటే, మళ్ళీ మొదట్నించీ చెప్పింది.

మొట్టమొదట బక్కెట్టు తీసుకుని సూమెయ్ పక్కనుంచి లేచొచ్చేసింది మా అమ్మ. అప్పుడు నాకు ఐదేళ్ళు. అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగి తిరిగి చూడ్డం నాకింకా గుర్తుంది.

బస్సు వెళ్ళిపోయింది. పీయున్ ఆ రాత్రి మా బెంచీ మీదే కూచుంది. తెల్లారి సూమెయ్ ఇంటి తలుపు తట్టింది. తీయలేదు. మధ్యాహ్నం దాకా గడప ముందు నిలబడి, వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను కొట్టు పెందలాడే మూశాను. ఉతకాల్సినవేమీ లేకపోయినా నాలుగు బట్టలు బక్కెట్లో వేసుకుని ఆ మెట్లు దిగాను. సిగ్గుపడుతూనే సూమెయ్ పక్కన బక్కెట్టు దించాను.

"కొంచెం... జరుగుతావా పిన్నీ?"

సూమెయ్ తలెత్తలేదు.

"జరగడమెందుకు? యాభై ఏళ్ళుగా ఖాళీగానే ఉందిగా. ఎక్కడ కూచుంటావో కూచో."