పురుగు ముట్టని ఆకు

తెల్లారేసరికి వాకిట్లో రోకలి చప్పుడు మొదలైంది. కొత్త కోడలు జుమ్మాయ్ గుమ్మంలోకి వచ్చింది. ఆ ఇంట్లో ప్రతి ఉదయమూ ఆమెకు పండుగే. సజ్జ జావ మీది ఆవిరి, తనకంటూ భర్త ఇచ్చిన చిన్న అలసంద చేను, దాని ఊదా పూలు, అన్నీ ముద్దొచ్చేవి. ఇవాళ మాత్రం గుండెలో ముల్లు గుచ్చుకుంది.

సవతి డేలు వేపగింజలు దంచుతోంది. పక్కనే భర్త గర్బా, రాత్రి నానబెట్టిన వేప పిండిని గుడ్డలో పిసికి వడగడుతున్నాడు. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

జుమ్మాయ్ చేనుకు ఆయన మొన్న డబ్బా మందు కొట్టాడు. పంపు వీపుకు తగిలించుకుని ఒక్క చుట్టు తిరిగి వచ్చేశాడు. డేలు చేనుకైతే వారం వారం ఈ దంచడాలు, వడగట్టడాలు, సాలు సాలుకూ వంగి చల్లడాలు.

"నా చేను గడ్డి, అక్క చేను బంగారం!" అని గొణుక్కుంది.

ఆ రోజు వంట వంతు జుమ్మాయ్‌ది. డేలు వండే అలసందాకు కూరంటే గర్బా వేళ్లు నాకుతాడు. అంతకు మించి వండాలని జుమ్మాయ్ తన చేలోంచే లేతాకు కోసుకొచ్చింది. ఒక్క చిల్లు లేదు, నిగనిగలాడుతోంది. వేరుశనగ పిండి, ఉల్లిపాయ వేసి ఉడికిస్తుంటే తనకే నోరూరింది.

డేలు పిల్లలు పళ్లేలతో వచ్చి కూర్చున్నారు. నిప్పు కోసం వచ్చిన డేలు, చేటలో మిగిలిన ఆకొకటి తీసి అటూ ఇటూ తిప్పింది. మరుక్షణం కట్టెతో కుండను తోసేసింది. కూరంతా నేలపాలైంది.

"ఓర్వలేకపోయావు కదక్కా! ఆయన నా వంట మెచ్చుకుంటాడని!"

"నోర్ముయ్! ఏ చేలోది ఈ ఆకు?"

"నాదే. ఏం, నాది ఆకు కాదా?"

"మొన్ననే కదే మందు కొట్టింది! పిల్లలు తినుంటే?"

జుమ్మాయ్ మొహం పాలిపోయింది. "రాత్రి వాన పడిందిగా... కడుక్కుపోయి ఉంటుందనుకున్నా."

"ఒక్క వానకే పోతుందా ఆ విషం? నీ చేను కాయ కోసం, సంతకు. ఇంట్లో తినే ఆకు నా చేలోంచి రావాలనేగా ఈ వేప దంచి చస్తున్నది!"

"మరి ఆయన పక్కన కూర్చుని..."

"పిండి పిసికితే నా చేతికి చేదు పట్టేస్తోందే. చంటిది ముద్ద ముట్టడం లేదు. అందుకని ఆయన పిసుకుతున్నాడు. నీ కంటికి సరసంలా కనబడిందా?"

కోళ్లు మూగకుండా కూర మీద మట్టి లాగుతూ డేలు గొంతు తగ్గించింది.

"డబ్బా ఒక్కటే ఉంది, ఎవరి చేనుకు కొట్టమంటావని ఆయన అడిగితే నీ చేనే చూపించాను. నీ మొదటి పంట పురుగుపాలు కాకూడదని. చూపించానే గానీ, పొద్దున్నే నీ కాయలు చూస్తే నాకూ కడుపు రగులుతోంది జుమ్మాయ్. నావి సగం పురుగు తొలిచేసినవే."

జుమ్మాయ్ ఏడుస్తూ ఆమె భుజాన వాలిపోయింది. "నీకూ ఉందా అక్కా, ఈ మంట?"

"లేకపోతే నేను మనిషినెలా అవుతాను? ముందు చేతులు రుద్దుకో." డేలు చెంబుతో నీళ్లు పోసింది.

గర్బా వచ్చి ఖాళీ పొయ్యి చూశాడు. "కూరేదీ?"

"ఉప్పేసుకుని సంకటి తిను!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. తడి చెంపలతోనే జుమ్మాయ్ పకపకా నవ్వేసింది.