పడవలో ఆడమనిషి

ఢాం!

గట్టు మీద నాటుబాంబు పేలుతుంది. మట్టిపెళ్ళలు ఎగిరొచ్చి పడవలో పడతాయి.

రూతమ్మ తల ఎత్తదు. మోటరు తాడు పట్టుకుని బలమంతా పెట్టి లాగుతుంది.

దగ్గు.

మళ్ళీ లాగుతుంది.

మోటరుది ఇంకో దగ్గు... అంతే!

"లాగు మే! బిన్నా లాగు!"

అరుస్తున్నది సంజీవయ్య. పడవ అడుగున బోర్లా పడుకుని ఉన్నాడు. చేతిలో రివాల్వర్. తెల్ల ఖద్దరు చొక్కా నిండా బురద. పొద్దున పార్టీ మీటింగులో మైకు పట్టుకుని తొడగొట్టిన మగాడు ఇతనే. ఇప్పుడు చూడాలి ఆయన అవతారం!

రూతమ్మ పళ్ళు కొరికి మళ్ళీ లాగుతుంది.

అంటుకుంది!

పడవ ముక్కు పైకెత్తి, పెన్న మీద కట్టిన మైలవరం డ్యామ్ నీళ్ళ మీదికి దూకుతుంది. వెనక గట్టు మీద జీపు లైట్లు వెలుగుతాయి. తూటా ఒకటి చెవి పక్కనుంచి సుయ్‌మని పోతుంది.

"ప్రభువా!"

ఆమె కాళ్ళ దగ్గర మొగుడు ఆనందరావు పడి ఉన్నాడు. తొడలో తూటా. కట్టిన తువ్వాలు నల్లగా తడిసిపోయింది. ఈ పడవ అతనిదే. వలల వాళ్ళను దింపి, చేపల బుట్టలు మోసి బతుకుతారు మొగుడూ పెళ్ళాలు.

"మామా! కండ్లు మూయాకు!"

"మూయలేదులే..." అంటాడు అతను. గొంతులో పస లేదు.

రూతమ్మ పడవను తూర్పుకు తిప్పుతుంది. అటు డ్యామ్ మెట్లు. మెట్లెక్కితే రోడ్డు. రోడ్డు పట్టుకుంటే జమ్మలమడుగు, ఆసుపత్రి. ఆమెకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. నెత్తురు ఆగాలి. మొగుడు బతకాలి. అంతే!

"యాడికి పోతాండావు?" సంజీవయ్య రివాల్వర్ ఎత్తుతాడు. "అవతలి గట్టుకు తిప్పు. ఆడ పులివెందుల కారు కాసుకోనుండాది."

"ఆసుపత్రికంటివే అప్పా! మునెయ్యోళ్ళు కాల్చినారు, పడవెక్కు, ఆసుపత్రికి పోదాం అంటేనే గదా ఎక్కింది!"

"నన్ను దించినాక యాడికైనా పో."

"అవతలికి పోయి తిరిగొచ్చేసరికి ఈ మనిషి ఉంటాడా?"

"ఉంటే ఉంటాడు."

ఎంత తేలిగ్గా అన్నాడు! తాంబూలం ఉమ్మినట్టు అన్నాడు.

పడవ దక్షిణానికి తిరుగుతుంది.

జీపులో ఉన్నది మునెయ్య. పొద్దున ప్రొద్దుటూరు బస్టాండులో సంజీవయ్య మనుషులు అతని అన్నను నరికారు. టీ గ్లాసు చేతిలో ఉండగానే నరికారు. ఇంకా దహనం కూడా కాలేదు. ఆ లోపలే లెక్క తేల్చుకోవాలని మునెయ్య బయలుదేరాడు.

ఠాప్! ఠాప్!

పడవ అంచు చెక్క లేచిపోతుంది.

సంజీవయ్య చటుక్కున టార్చిలైటు తీస్తాడు. వెలిగిస్తాడు. మునెయ్య వైపు కాదు... రూతమ్మ మొహం మీద!

"లేసి నిలబడు మే! కొంగు కనపడాల వాళ్ళకు!"

వెలుగు ఆమె కళ్ళలో గుచ్చుకుంటుంది. ఎర్రచీర, జారిన కొంగు, ఊడిన జడ. అంత చీకట్లో ఆమె ఒక్కతే కనిపిస్తోంది.

గట్టు మీద మునెయ్య గావుకేక!

"కాల్చాకండిరా! ఆపండి! ఆడమనిషి ఉండాది!"

తుపాకులు నోరు మూసుకుంటాయి.

సీమలో పగలు తరాలు తరాలుగా నడుస్తాయి. తలలు తెగుతాయి, ఇళ్ళు కాలతాయి. కానీ ఆడమనిషి మీద తూటా పడకూడదు. పడితే ఆ వర్గం మొహాన సొంత ఊరే ఉమ్మేస్తుంది. ఈ కట్టుబాటు మునెయ్యకు తెలుసు. సంజీవయ్యకు ఇంకా బాగా తెలుసు.

"అట్లే నిలబడుకో," అని నవ్వుతాడు సంజీవయ్య. ఆమె వెనకాల ముడుచుకుని కూర్చుంటాడు.

థూ, ఇదీ ఒక బతుకా!

అప్పుడే వాసన తగులుతుంది.

కాలుతున్న రబ్బరు వాసన.

మోటరు గొంతు మారింది. గరగరలాడుతోంది. రూతమ్మ మూత మీద చెయ్యి పెట్టి చప్పున వెనక్కి లాక్కుంటుంది. పెనం!

"మామా, మోటరు కాగిపోతాంది!"

ఆనందరావు కళ్ళు తెరుస్తాడు. "ఉచ్చ పోస్తాందా సూడు..."

మోటరు డ్యామ్ నీళ్ళే లోపలికి పీల్చుకుంటుంది, వేడిని తీసుకుని బయటికి చిమ్ముతుంది. పక్కనున్న సన్న బెజ్జంలోంచి ధార పడుతుంటే అంతా క్షేమం. దానికి వలల వాళ్ళు పెట్టిన పేరు అది.

రూతమ్మ తొంగి చూస్తుంది.

ధార లేదు. చుక్క కూడా లేదు!

ఆపేలోపే మోటరు ఎగశ్వాస తీసి ఆగిపోతుంది.

నిశ్శబ్దం...

గాలి మాత్రం ఆగలేదు. పడవను మెల్లగా వెనక్కి తోస్తోంది. జీపు ఉన్న గట్టు వైపు!

"ఏమైంది? ఏందే ఆపినావు?" సంజీవయ్య అరుస్తాడు.

"నేను ఆపలే. అదే ఆగింది."

అతను దోసిట్లో నీళ్ళు ముంచుతాడు. మోటరు మీద పోయబోతాడు. రూతమ్మ ఆ చేతిని ఒక్క దెబ్బ కొడుతుంది.

"జీపనుకుంటివా? కాగిన హెడ్డు మీద సల్లనీళ్ళు పోస్తే పగుల్తాది! పగిలితే తెల్లార్లూ ఈడనే తేలుతాంటావు!"

 సంజీవయ్య మీద చెయ్యెత్తిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. పుట్టినా బతికి లేడు.

ఆమె మోటరును పైకి వంచుతుంది. ఫ్యాను ఉన్న మోటరు కాలు నీళ్ళలోంచి లేస్తుంది. నీళ్ళు పీల్చే జల్లెడ దగ్గర తడుముతుంది. నాచు! పిడికెడు నాచు, దాంట్లో చుట్టుకుని ఒక పాలకవరు. పీకి పారేస్తుంది.

దించుతుంది. తాడు లాగుతుంది. లాగుతుంది. లాగుతుంది...

అంటుకుంది!

ధార వచ్చింది. కానీ దారంలాగా వచ్చింది. నాలుగు బారలు పోయేసరికి మూత సందుల్లోంచి ఆవిరి. ఆమె మళ్ళీ ఆపేస్తుంది.

"అక్కా!" గట్టు మీద నుంచి మునెయ్య కేక. చాలా దగ్గరగా వినిపిస్తోంది. "నువ్వు పడుకో అక్కా! ఆ కుక్క సంగతి మేం సూసుకుంటాం!"

"పడుకుంటే నీ మొగుడి తల పగుల్తాది," అంటాడు సంజీవయ్య చెవిలో.

రివాల్వర్ పడవ అడుగున ఉన్న ఆనందరావు వైపు తిరిగింది.

ఆనందరావు ఆయాసపడుతూ చెబుతాడు. "థర్మోస్టాట్... హెడ్డు మీద మూత... రెండు బోల్టులు. ముసలి మోటరే అది... ఇరుక్కోనుంటాది. పీకి పారెయ్... అది లేకున్నా నడుస్తాది..."

వేడెక్కితే తెరుచుకుని నీళ్ళను వదలాల్సిన చిన్న ఇత్తడి బిళ్ళ. అదే మూసుకుపోతే నీళ్ళకు దారేదీ?

రూతమ్మ పానా తీస్తుంది. మోటరు పైమూత తీస్తుంది. సెగ మొహాన కొడుతుంది.

"లైటు ఇటు పట్టు అప్పా!"

సంజీవయ్య పట్టుకుంటాడు. పట్టక చస్తాడా!

మొదటి బోల్టు. కదలదు. పానా జారి పిడికిలి హెడ్డుకు అంటుకుంటుంది. చర్మం చుయ్‌మంటుంది! ఆమె కేక మింగి కొంగు చుట్టుకుని మళ్ళీ తిప్పుతుంది.

కదిలింది.

రెండో బోల్టు...

పడవ ఊగి టార్చి వెలుగు పక్కకు జారుతుంది. ఆనందరావు తొడ మీద పడుతుంది. లుంగీలో చిల్లు.

ఆ చిల్లు చుట్టూ మసి. బట్ట కాలి నల్లబడి ఉంది.

దూరం నుంచి వచ్చిన తూటా బట్టను కాల్చదు. ఈ సీమలో పుట్టిన ఏ ఆడదానికైనా ఆ మాత్రం తెలుసు. శవాలు చూసి చూసి నేర్చుకున్న చదువు అది. తుపాకీ ఆనించి కాల్చారు.

మునెయ్య గట్టు మీదున్నాడు. మరి అప్పుడు పడవలో ఆనందరావు పక్కన ఉన్నదెవరు?

"మామా... నిన్ను కాల్చింది..."

రివాల్వర్ భయానికి ఆనందరావు ఇంతసేపూ బయటపెట్టలేదు. ఇప్పుడు కళ్ళు సంజీవయ్య వైపు తిరుగుతాయి.

"ఏంటికప్పా?" రూతమ్మ అతని వైపు తిరుగుతుంది. "నీకేం చేసినాడప్పా ఈ మనిషి? పడవ తీయమంటే తీసినాడే!"

సంజీవయ్యకు సిగ్గు లేదు. దాచే అవసరం కూడా లేదు.

"వాడు ఒక్కడే వస్తే నాకేం లాభం మే? పడవలో ఆడమనిషి ఉండాల. రమ్మంటే నువ్వు వస్తావా? నీ మొగుడు నెత్తురు కారతాంటే ఎగిరి దూకితివి. సంపలే గదా... తొడలోనే గదా కాల్చింది!"

కొంగు కోసం మొగుణ్ణి కాల్చాడు! గొర్రెను కట్టేసి తోడేలును ఆపినట్టు తనను కట్టేశాడు!

 రూతమ్మకు పానాతో వాడి నెత్తి పగలగొట్టాలనిపిస్తుంది. చెయ్యి లేస్తుంది కూడా.

ఆగుతుంది. ముందు మోటరు.

రెండో బోల్టు ఊడుతుంది. మూత లేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో బిళ్ళను పొడిచి పీకి నీళ్ళలోకి విసురుతుంది. మూత పెట్టి బిగిస్తుంది. వేళ్ళ మీద బొబ్బలు చిట్లుతున్నాయి. తాడు లాగుతుంది.

గుర్ర్... గుర్ర్ర్ర్!

ధార! వేలంత లావున, జోరుగా!

"పోస్తాంది మామా! పోస్తాంది!"

ఆనందరావు పెదాలు కదులుతాయి. నవ్వాడు కాబోలు.

"శబ్బాష్!" అంటాడు సంజీవయ్య. "తిప్పు. అవతలి గట్టుకు."

రూతమ్మ తిప్పుతుంది.

తూర్పుకు!

"ఏయ్! యాడికే?"

"డ్యామ్ మెట్ల కాడికి."

రివాల్వర్ ఆమె కణతకు తగులుతుంది.

"కాల్చు," అంటుంది రూతమ్మ. "కాల్చప్పా! నేను పడినానంటే అడ్డమేముంటాది నీకు? గట్టు మీద ఎన్ని తుపాకులుండాయో లెక్క పెట్టుకో!"

సంజీవయ్య గట్టు వైపు చూస్తాడు.

ఈ పడవలో తూటా తగలకూడని మనిషి తనొక్కతే. వాళ్ళు కాల్చరు. వీడు కాల్చలేడు. ఇంతసేపూ ఈ సంగతి ఎందుకు తట్టలేదో!

రివాల్వర్ ఆమెను వదిలి కిందికి దిగుతుంది. ఆనందరావు నుదుటి మీద ఆగుతుంది.

"నిన్ను కాల్చను. వీణ్ణి కాలుస్తా. తిప్పు!"



మరుక్షణం రూతమ్మ కాలు పడవ అంచు మీద ఉంది. ఒళ్ళు నీళ్ళ మీదికి వాలి ఉంది.

"కాల్చు. శబ్దం ఇనపడంగానే దూకుతా. నాకు ఈత వచ్చు. ఆయప్ప పోయినాక నాకీ పడవెందుకు, నువ్వెందుకు? నేను దూకినాక నీ గతేందో నువ్వే సూసుకో!"

పడవ పోతూనే ఉంది. గట్టు వెంబడి జీపు పోతూనే ఉంది.

"దిగు మే... కాలు దించు..."

"అది నీళ్ళలో పారెయ్."

"రూతమ్మా..."

ఆమె ఇంకాస్త వాలుతుంది. పడవ ఒరుగుతుంది. నీళ్ళు లోపలికి తుళ్ళుతాయి.

"ఆగు! ఆగు తల్లీ!"

బుడుంగ్!

రివాల్వర్ పెన్నమ్మ కడుపులోకి పోయింది.

డ్యామ్ మెట్లు కనిపిస్తాయి. పైన జీపు అప్పటికే వచ్చి నిలబడింది. మనుషులు మెట్లు దిగుతున్నారు. అందరి కంటే ముందు మునెయ్య. భుజాన తుపాకీ.

పడవ మెట్టుకు కొట్టుకుంటుంది.

"మునెయ్యా! ముందు మా ఆయప్పను ఎత్తండి! నెత్తురు శానా పోయింది!"

మునెయ్య ఆమె బొబ్బలెక్కిన చేతులు చూస్తాడు. ఆనందరావును చూస్తాడు. వెనక ముడుచుకున్న ఖద్దరు చొక్కాను చూస్తాడు. మనుషులకు సైగ చేస్తాడు.

ఇద్దరొచ్చి ఆనందరావును ఎత్తుకుంటారు. రూతమ్మ నాడి పట్టుకుని చూస్తుంది. కొట్టుకుంటోంది!

"జీపులో ఏసుకోని జమ్మలమడుగు ఆసుపత్రికి పోనీరా," అంటాడు మునెయ్య డ్రైవరుతో. తర్వాత ఆమెతో మెల్లగా అంటాడు. "నువ్వు కూడా ఎక్కక్కా. ఈడ నీకు పనిలేదు."

ఆమె ఒక కాలు మెట్టు మీద పెడుతుంది.

వెనక నుంచి కొంగు బిగుసుకుంటుంది.

సంజీవయ్య రెండు చేతులతో పట్టుకున్నాడు. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"దిగొద్దు తల్లీ! నీ కాళ్ళు మొక్కుతా! నువ్వు దిగితే సంపుతారు నన్ను! ఆడమనిషివి... నీకు జాలి లేదా?"

మెట్ల మీద ఎవరూ కదలరు. తుపాకులన్నీ నేలను చూస్తున్నాయి. ఆమె పడవలో ఉన్నంతసేపు అవి లేవవు. ఇప్పుడు ఆమె ఒక్క మాట చెబితే, ఇక్కడే నిలబడితే, వీడు బతుకుతాడు.

పైన జీపులో ఆనందరావు మూలుగు వినిపిస్తుంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

"జాలి ఉండాది అప్పా," అంటుంది రూతమ్మ. "అదంతా ఆ జీపులో ఉండే మనిషికే సాలదు."

కొంగును అతని పిడికిట్లోంచి లాక్కుంటుంది.

రెండో కాలు నేల మీద పెడుతుంది.

ఠాప్!