కొరకడం రాని జాంబీ

"కట్! కట్!"

డైరెక్టర్ నెత్తి పట్టుకున్నాడు. "బాబూ, నువ్వు ఆ అమ్మాయిని పీక్కుతినాలి. బస్టాండు దాకా సాగనంపడం కాదు!"

రావిర్యాల పక్కన, ఇంకా కిటికీలైనా పెట్టని ఓ ఫ్యాక్టరీ షెడ్డు ముందు జరుగుతోంది షూటింగు. ఏదో రోగం సోకి, మనుషులు మనుషుల్నే తినే జాంబీలైపోయే సినిమా. షాద్‌నగర్‌లో బట్టల షాపులో పనిచేసే మంజుల, తెరమీద ఒక్కసారైనా కనబడాలని సరదాపడి సెలవు పెట్టి వచ్చింది. దొరికిన వేషం చిన్నదే. పరుగెత్తాలి, జాంబీకి దొరకాలి, చచ్చిపోవాలి.

పరుగెత్తడం పొద్దుట్నుంచీ అవుతూనే ఉంది. దొరకడమే కావడం లేదు.

తరిమే జాంబీ పేరు బిక్షపతి. తుక్కుగూడ రోడ్డు మీద ఆటో నడుపుతాడట. ముఖమంతా ఆకుపచ్చ రంగు, చెంప మీద కుళ్లిన పుండు, నోటినిండా ఎర్రటి పాకం. అంత భయంకరంగా ఊగుతూ వచ్చి, సరిగ్గా ఆమె భుజం దగ్గరికి రాగానే నోరు మూసుకుని నిలబడిపోతున్నాడు.

ఇంతలో విమానం. సౌండతను చెయ్యెత్తాడు, అంతా ఆగారు. ఎయిర్‌పోర్టు వచ్చి నాలుగేళ్లే అయింది. తలెత్తి చూడ్డం జాంబీలు కూడా ఇంకా మానలేదు.

మంజుల మాత్రం అతని మీదికి వెళ్లింది.

"ఏందన్నా గిది? ఉరికి ఉరికి కాళ్లు గుంజుతున్నయ్. జల్ది వచ్చి కొరుకు!"

"కొరుకుత గానీ, అన్నా అనకు."

"మరేమనాలె? దయ్యమనాల్నా?"

"దయ్యం నయమే."

నవ్వొచ్చింది, ఆపుకుంది. వెంటనే ఎందుకో మనసు చివుక్కుమంది. "నన్ను ముట్టుకునుడు గంత కష్టమైతే చెప్పు. ఇంకో పిల్లను పెట్టుకోమంట."

బిక్షపతి కంగారుపడ్డాడు. "అయ్యో, గట్ల కాదు! పొద్దున మేకప్పాయనతోని నువ్వే అన్నవ్ గదా, డ్రెస్సు మీ అక్కదని, మరక పడితే ఇంట్లకు రానియ్యదని. మట్టైతే ఉతికితే పోతది. నా నోట్ల రంగు జన్మల పోదంట."

ఇన్ని తిట్లు, ఇన్ని టేకులు, ముఖం కూడా తెలియని అక్క చుడీదారు కోసమా! ఆ ఆకుపచ్చ రంగు మధ్య అతని కళ్లు ఎంత మెత్తగా ఉన్నాయో మంజుల అప్పుడే చూసింది.

చుడీదారు చెయ్యి పైకి మడిచి ముందుకు చాపింది. "ఈడ కొరుకు. నా చెయ్యి నేను కడుక్కుంట."

"యాక్షన్!"

కొరికాడు. కొరకడమంటే, పెదవులు ఆనాయంతే. చక్కిలిగింతకు పకపకా నవ్వేసింది. కట్. మళ్లీ కొరికాడు, మళ్లీ నవ్వింది. ఆ తర్వాతిసారి నవ్వు రాలేదు. గుండె ఝల్లుమంది. కేక వేయడం మరిచి, కళ్లు మూసుకుని, నిద్రలోకి జారినట్టు మట్టిలోకి ఒరిగిపోయింది. ఎక్కడో తుపాకీ పేలింది. పక్కనే అతనూ కూలాడు.

"సూపర్! శవాలెవరూ కదలొద్దు!"

చినుకులు మొదలయ్యాయి. డైరెక్టర్‌కు వాన తెగ నచ్చింది. కెమెరా మెల్లగా పైకి లేస్తూ దూరమైంది.

"సచ్చినవా?" పెదవులు కదపకుండా అడిగింది మంజుల.

"ఆఁ. నువ్వు?"

"నేను నీకంటే ముందుగాల్నే."

మబ్బుల్లోంచి ఓ విమానం తెల్లటి పొట్టతో కలలోలా దిగుతోంది. వీపు కింద నేల సన్నగా వణికింది. వానకు అతని చెంప మీది పుండు కరిగి, ఆకుపచ్చ పోయి, చామనఛాయలో ఓ సిగ్గరి ముఖం కొంచెం కొంచెంగా బయటపడుతోంది. చచ్చినవాళ్లు తల తిప్పకూడదు కాబట్టి ఓరకంట చూసింది.

"రేపటి సంది షూటింగ్ లేదంట," అన్నాడు.

"లేదంట."

"మరి నేనెట్ల? నువ్వంటే నాకు మస్తు ఇష్టమైంది మంజులా. రోజూ చూడబుద్ధైతది."

వాన ఆమె రెప్పల మీద కాసేపు కురిసింది.

"ఐతారం మా బాపు ఇంట్లనే ఉంటడు. మీ అమ్మను తోలుకొని రా."

"యాడ కలిసిన్రంటే ఏం చెప్పాలె?"

"ఉన్నదున్నట్టు చెప్పు."

"కొరికిన్నని గుడనా?"

"ఎవరయ్యా అక్కడ," దూరం నుంచి మైకు అరిచింది, "ఆ శవం నవ్వుతోందేంటి?"

పేకప్ చెప్పేశారు. చచ్చినవాళ్లంతా లేచి, బురద దులుపుకుంటూ చాయ్ దగ్గరికి పరుగెత్తారు. ఇద్దరు మాత్రం లేవలేదు. తడిసిన మట్టిలో ఆమె చిటికెన వేలు మెల్లగా జరిగి అతని వేలిని పట్టుకుంది.