పొరపాటున కాలిన చొక్కా

ఇస్త్రీ షాపు కుర్రాడికి వీధిలో వేదాంతం అని పేరు. అసలు పేరు వాళ్లమ్మ కూడా వాడటం మానేసింది. ఎవరు బట్టలు తెచ్చినా, మడతలో ఒక మంచిమాట కూడా పెట్టి పంపేవాడు. అడక్కపోయినా సరే.

పక్కది టైలరింగు షాపు. మధ్యలో చెక్కగోడ. అవతల తల్లీకూతుళ్లు మిషను కుట్టేవారు. కూతురి నోటికి జడిసి జనం ఆమెను కత్తెర అనేవారు. వేదాంతానికి ఆ కత్తెరంటే ప్రాణం. ప్రేమ గురించి వీధి వీధంతటికీ చెప్పాడు, ఆమెకు తప్ప.

ఆ పొద్దున వాన. బ్యాంకు క్లర్కు ఒకాయన గొడుగు కింద చొక్కాని దాచుకుని, తను తడుస్తూ వచ్చాడు.

"సాయంత్రం పక్కషాపు అమ్మాయితో సంబంధం మాట్లాడుకోవడానికి వస్తున్నా బ్రదర్. ఒక్క ముడత ఉండకూడదు. అన్నట్టు, అమ్మాయిలో ఏం చూడాలో కూడా నువ్వే చెప్పు."

వేదాంతం చొక్కాని తలకిందులుగా అందుకున్నాడు. అయినా ఆ నోరు ఆగుతుందా?

"గుణం చూడండి సార్. కోపమొస్తే ఎలా ఉంటుందో చూడండి. ఆ కోపం కూడా ముద్దొచ్చిందా, ఇక ఆలోచించకండి."

క్లర్కు హుషారుగా వెళ్లిపోయాడు. గోడ అవతల మిషను టక్కున ఆగింది.

"ఏమండీ వేదాంతం గారూ! పెళ్లిళ్లు కుదర్చడం కూడా మొదలెట్టారా?"

"మంచివాడిలాగే ఉన్నాడండీ," అన్నాడు వేదాంతం, చొక్కా పరిచి ఇస్త్రీ పెట్టె ఆనిస్తూ. "నిజమైన ప్రేమ అవతలివాళ్ల సుఖమే కోరుతుంది. తనకోసం నోరు తెరిచి అడగదు."

"అడగనప్పుడు నోరెందుకట దానికి?"

"మౌనంలోనే అసలైన..."

"మౌనమా? నువ్వా? నీ వాగుడుకి నా మిషను చప్పుడు నాకే వినపడి చావదు!"

"చూశారా, కోపం వివేకాన్ని..."

"ముక్కు పనిచేస్తోందా? ఏదో కాలుతోంది!"

చూసుకున్నాడు. చొక్కా వీపు మీద, పెట్టె అచ్చుతో, చక్కని చిల్లు.

కత్తెర వానలోనే పరిగెత్తుకొచ్చింది. చిల్లు చూసింది. అతన్ని చూసింది. కళ్లు తళుక్కుమన్నాయి.

"కావాలనే కాల్చావు కదూ?"

"అయ్యయ్యో! ఒట్టండీ, పొరపాటున! ఒకరి సొత్తు నేనెందుకు పాడు చేస్తాను? నిజాయితీ అన్నది మనిషికి..."

ఆమె మొహం వాడిపోయింది.

"పొరపాటా," అంది. "ఒక్క క్షణం ఎంత సంబరపడ్డానో. పోన్లే. నీ నిజాయితీకో దండం. సాయంత్రం ఆయనతో సరే అనేస్తాను."

గుమ్మం వైపు తిరిగింది.

వేదాంతం మంచిమాట కోసం వెతుక్కున్నాడు. బుర్రలో ఒక్కటీ తగల్లేదు. చొక్కా తిరగేశాడు. ముందువైపు, జేబు మీద, పెట్టె పెట్టాడు. పెట్టి రెండు చేతులా నొక్కాడు. పొగ లేచింది.

"ఇది పొరపాటు కాదు," అన్నాడు.

కత్తెర వెనక్కి తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకా రెండు చేతులు మిగిలాయి చొక్కాకి," అంది చివరికి, చిన్నగా.

అప్పుడు గోడ అవతల నుంచి తల్లి గొంతు లేచింది. "ఒసేయ్, అది ఆ బ్యాంకు అబ్బాయి చొక్కా కాదుటే?"

"అవునమ్మా."

"మరి సాయంత్రం ఏం తొడుక్కుని వస్తాడే పాపం?"

"రావద్దని చెప్పమ్మా."

వేదాంతం గోడ వైపే చెవి పెట్టి నిలబడ్డాడు. పెట్టె మీది చేతులు తీయడం కూడా మరిచాడు.

"ఆ అబ్బాయికి కొత్త చొక్కా నేను కుట్టిస్తాను. క్షమాపణా నేనే చెప్పుకుంటాను," అంది తల్లి. "ఏం చేస్తాం, ఖర్మ! ముందు ఆ పెట్టె తియ్యవయ్యా అల్లుడూ, బల్ల కాలుతోంది!"