బంక ఆరేదాకా

శాంత మా అంగట్లోకి అడుగు పెట్టగానే నేను చేసిన మొదటి పని నవ్వడం. ఆడపిల్ల మెప్పు పొందే మార్గం అది కాదని ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

బళేపేటలో మాది వీణలు చేసే అంగడి. యుద్ధం అయిపోయి, కంటోన్మెంటులో దొరలు మూటాముల్లె సర్దుకుంటున్న రోజులు. ఆమె పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక గిటారును ఎత్తుకొచ్చి నా ముందు పెట్టింది. దాని పొట్ట మీద జానెడు పగులు.

“ఇదేం వీణమ్మా, తిండి లేక చిక్కిపోయినట్టుండాది,” అన్నాను.

“వీణ కాదప్పా, గిటారు. మా ఇస్కూలు మిస్సమ్మ సీమకు పోతా నాకిచ్చిపోయింది. మీకు రిపేరు వస్తాదా, నవ్వడం ఒకటే వస్తాదా?”

లోపల వీణ చెక్కుతున్న మా నాయన చిక్కమునియప్ప దగ్గినట్టు నవ్వాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది.

“ఇట్లాంటివి ఎన్ని చేసుంటాను,” అన్నాను. అప్పటిదాకా గిటారును చేత్తో తాకిన పాపాన పోలేదు.

“గ్యారంటీనా?”

“గ్యారంటీ.”

ఆమె కళ్ళెత్తి నన్ను సూటిగా చూసింది. ఆ చూపుకు రైలింజను తెచ్చినా రిపేరు చేస్తానని ఒప్పుకునేవాణ్ణి.

“మా నాయన నగల పని మీద చింతామణికి పోయుండాడు,” అంది. “ఆయన వచ్చేలోగా ఇది పలకాల. పలకని కట్టె ఇంట్లో ఎందుకు, వస్తూనే బచ్చలింట్లో హండే కింద పెట్టి స్నానానికి నీళ్ళు కాచుకుంటా అన్నాడు. అన్నంత పనీ చేస్తాడు.” అక్కడ ఆమె గొంతు తగ్గింది. “ఇప్పుడిప్పుడే వేళ్ళు తిరగతా ఉండాయి నాకు. మిస్సమ్మ పాయె. ఇది కూడా పోతే ఇంకేం లేదు.”

ఆమె వెళ్ళిపోయాక గిటారులోకి తొంగి చూశాను. పొట్ట పలక అప్పడమంత పల్చగా ఉంది. మేం వీణను పనస మొద్దులోంచి తొలుస్తాం. కింద పడినా నేలకే దెబ్బ. సీమవాడు చెక్క మిగుల్చుకోవడానికి చేసిన మోసం ఇదని తేల్చేశాను. పగులు కింద బొటనవేలంత మందాన పనస చెక్క అడ్డంగా వేసి, కాచిన బంక దండిగా పట్టించి అతికించాను. మా నాయన చూస్తూనే ఉన్నాడు.

శాంత వచ్చింది. “దీని మీద ఎక్కి నిలబడొచ్చు,” అన్నాను గర్వంగా.

ఆమె తీగ మీటింది. బియ్యం డబ్బా మీద కొట్టినట్టు ‘దబ్’మంది. ఇంకో తీగ మీటింది. అది కూడా దబ్బే.

“ఎక్కి నిలబడేదానికి మా ఇంట్లో పీటలుండాయప్పా,” అని పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయాను. అంతలో చూస్తే ఆమె కళ్ళనిండా నీళ్ళు.

నా ప్రాణం ఉసూరుమంది. ఆమె మీద నాకున్నది ప్రేమేనని ఆ క్షణాన తెలిసింది. తెలివైనవాళ్ళు ఇంత పాడు చేసేదాకా తెలుసుకోకుండా ఉండరు.

“ఏం నాయనా, ముందే చెప్పకూడదా?” అని మా నాయన మీద విరుచుకుపడ్డాను.

“చెప్తే వినే మొహమా అది?” అన్నాడాయన.

వేడినీళ్ళ గుడ్డతో బంక కరిగించి ఆ పనస చెక్కను ఊడదీశాను. పగులు మునుపటికంటే నోరు తెరిచింది. ఎండలకు చెక్క ఎండిపోయి ఉంది. రెండు అంచులూ నొక్కితే కలవలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కితే పక్కనే ఇంకో పగులు వచ్చేట్టుంది. నాకు చేతకావడం లేదని ఆమెతో చెప్పేశాను. ఆమెతో నేను చెప్పిన మొదటి నిజం అదే.

శాంత కాసేపు ఆలోచించింది. “వానాకాలంలో మా బచ్చలింటి తలుపు ఉబ్బిపోతాది. నలుగురు తోసినా కదలదు. ఇదీ కర్రే గదా?”

ఆ ఆలోచన నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఈపాటికి ఊరంతా చెప్పుకుని ఉండేవాణ్ణి.

గిటారును వాళ్ళ బచ్చలింట్లో, పొయ్యికి దూరంగా, చెమ్మ తగిలేట్టు వేలాడదీశారు. అదే సమయానికి వాన కూడా పట్టుకుంది. ఒక మధ్యాహ్నం ఆమె తల్లి సావిత్రమ్మ కబురు పంపింది: “పగులు మూసుకునింది, బేగ రమ్మను.”

బంక గిన్నె పట్టుకుని వానలో నగర్తపేటలోని వాళ్ళింటికి పరుగెత్తాను. గిన్నెను గొడుగు కింద పెట్టి నేను తడిశాను.

బచ్చలింట్లోనే కూర్చున్నాం. బయటికి తెస్తే పగులు మళ్ళీ విచ్చుకుంటుందని భయం. పగుల్లోకి బంక ఎక్కించి, లోపలివైపు గోరంత పల్చటి చెక్కముక్కలు అతికించాలి. గిటారు గుండ్రటి కంతలోకి మణికట్టుదాకా చెయ్యి దూర్చి కింది నుంచి వాటిని నొక్కి పట్టుకున్నాను. పైనుంచి నొక్కడానికి శాంత ఎదురుగా కూర్చుని రెండు చేతులూ ఆనించింది. ఆమె అరచేతులకూ నా వేళ్ళకూ మధ్య ఆ చెక్క ఒక్కటే. సీమవాడు దాన్ని పల్చగా చేసి ఎంత మంచి పని చేశాడో అప్పుడు అర్థమైంది.

అంతలో తలుపు తెరుచుకుంది. చింతామణి నుంచి తడిసి వచ్చిన వెంకటగిరియప్ప, శాంత తండ్రి, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

“ఎవడ్రా నువ్వు?”

“చిక్కమునియప్ప కొడుకునండి. సుబ్బరాయుణ్ణి.”

“వీణల చిక్కమునియప్పా? కర్ర పనోళ్ళు.” వాళ్ళూ మా కులమే. కాకపోతే బంగారం పని చేసేవాళ్ళకు మేం కొంచెం కిందగా కనిపిస్తాం. “లెయ్.”

“లేవలేనండి. చెయ్యి లోపలుండాది.”

“బయటికి తియ్.”

“తీస్తే అతుకు పోతాదండి.”

“పోతే పోనీ. పొయ్యిలోకి పోయేదే గదా.”

శాంత మొహం పాలిపోయింది. నేను చెయ్యి కదలనివ్వలేదు.

“కొడతారేమో కొట్టండి మామా,” అన్నాను. “బంక ఆరేదాకా చెయ్యి మాత్రం తియ్యను.”

మామా అనే మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. గుమ్మంలో సావిత్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెంకటగిరియప్ప నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత వంగి, శాంత వేళ్ళ మధ్య పగులు మీద గోరు పెట్టి లాగాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. పక్కన వేలి కణుపుతో తట్టాడు. గిటారు పొట్ట ‘ఝుం’మంది. ఆయన ఇంకోసారి తట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

“బంగారమైనా ఇంతే,” అన్నాడు చివరికి. “అతుకు ఆరకముందే చెయ్యి తీసేవాడు పనోడు కాదు. సావిత్రీ, కట్టెలు వేరే తెప్పించు.”

ఆయన నడవలోకి వెళ్ళి కాఫీకి కూర్చున్నాడు. సావిత్రమ్మ వెనకే వెళ్ళింది. పెంకుల మీద వాన జోరుగా పడుతోంది.

“మామా అంటివే?” అంది శాంత, తల ఎత్తకుండా.

“నోరు జారింది.”

“నోరొక్కటేనా?”

“లేదు, మనిషే జారిపోయినాడు. నువ్వు అంగట్లోకి వచ్చిన రోజే.”

ఆమె చేతులు ఇంకొంచెం గట్టిగా నొక్కింది.

“ఆరిందా?” నడవలోంచి తండ్రి కేకేశాడు.

ఆరిందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఇలాంటి చోటే నిజం చెప్పబోవడం నా దరిద్రం.

“ఇంకా లేదు నాయనా,” అంది శాంత.

బంక ఎప్పుడో ఆరిపోయింది. పుట్టినప్పటి నుంచి బంకతోనే బతికినవాణ్ణి, నాకు తెలుసు. జీవితమంతా అతుకులు వేసిన వెంకటగిరియప్పకూ తెలుసు. నడవలో కాఫీ లోటా కింద పెట్టిన చప్పుడైంది.

“సావిత్రీ,” అన్నాడాయన, “ఆ పిలగాడి నాయనకు కబురంపు. ఇది ఇప్పట్లో ఆరేట్టు లేదు.”