పిట్ట పట్టిన మాట

పొద్దున్నే అమీర్‌పేటలోని ఆ ఇంట్లో ఉప్మా ఉడుకుతుంటే పంజరంలోని, చిన్న చిలకలాంటి బడ్జీ పిట్ట సన్నని గొంతుతో అంది, "నా వల్ల గాదు... నా వల్ల గాదు."

రాజనర్సయ్యకు ఒళ్లు మండింది. "విన్నవా అవ్వా? డ్యూటీకి పోయేటోనికి ఇదేం మాట! మోకాళ్లని మూలుగుతుంటవు గదా, నీ మాటే పట్టింది."

"నా మీదికి నెట్టకురా," అంది తల్లి మంగవ్వ. "ఆర్నెల్ల సంది వంటింట్లకెళ్లి రామా రామా అంటున్న. ఒక్కనాడన్న పలికిందా మహాతల్లి?"

రాజనర్సయ్య కూతురు మానస తలెత్తలేదు. తల్లి లేని పిల్ల, సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి పోతోంది. "ఈరోజు క్లాసు లేదు" అని గదిలోకెళ్లి గడియ పెట్టుకుంది.

రాజనర్సయ్య పంజరం పట్టుకుని ఆటో ఎక్కి పంజాగుట్టలో పిట్టలమ్మే మహేశ్ దుకాణానికి పోయాడు.

"వాపస్ తీస్కో భాయ్. అపశకునం పిట్ట."

పిట్ట అక్కడా 'నా వల్ల గాదు' అంది. అది విని మహేశ్ నవ్వలేదు. "దూరంకెళ్లి అంటే గీ పిట్ట పట్టదన్నా. పంజరానికి మొకం ఆనిచ్చి, నెలలకు నెలలు ఒక్కతీరుగ చెప్తేనే వస్తది. మీ ఇంట్ల దీని దగ్గర ఎవరు కూసుంటరు?"

ఎవరేమిటి! పంజరం ఉండేదే మానస గదిలో. తెల్లారితే మంగవ్వ హాల్లోకి తెచ్చి పెడుతుంది, అంతే.

వెంటనే కూతురికి ఫోన్ చేశాడు. మానస ఎత్తలేదు. మంగవ్వకు చేస్తే, "పిలిస్తే పలుకుతలేదురా, తలుపు తీస్తలేదు" అని ఏడ్చింది. పంజరం అక్కడే వదిలేశాడు. ఇంటికని ఎక్కిన ఆటో సిగ్నల్ దగ్గర ఆగిపోతే దిగి, యాభై ఏళ్ల మనిషి, చెప్పు తెగినా ఆగకుండా ఉరికాడు.

"మానసా! బిడ్డా! తలుపు తియ్యి, నీకు దండం పెడ్త!"

లోపల చప్పుడు లేదు. భుజంతో గుద్దాడు. మళ్లీ గుద్దాడు. ఆఖరికి లోపల గడియ తీసిన చప్పుడైంది. మొహమంతా ఉబ్బి, పిల్ల గోడకు ఆనుకుని నిలబడింది.

"మూడు ఇంటర్వ్యూలు పోయినయ్ డాడీ. చెప్తే నీ పానం ఏమైతదో అని... ఆ పిట్టకే చెప్పుకున్న. ఇయ్యాల బతకాలనిపిస్తలేదు."

రాజనర్సయ్య ఆమెను పొదివి పట్టుకుని నేలమీదే కూలబడ్డాడు. "నౌకరీ గంగల కలవనీ తల్లీ. నువ్వు నా కండ్ల ముందుండు. డాక్టరమ్మ తానికి పోదాం, నేనుంట నీ ఎంబడి. ఇంకేమైందో చెప్పు."

మంగవ్వ నీళ్లు తెచ్చి, మనవరాలి పక్కనే ఒదిగి కూచుంది. మానస ఏడుస్తూ చెబుతూనే ఉంది. మాటకు ముందు కోప్పడే ఆ తండ్రి, ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.