రాజనర్సయ్య కాయిల్

2000 జూలై. సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలు. అమీర్‌పేటలో బస్సు దిగి రోడ్డు దాటుతూ రాజనర్సయ్య ఉత్సాహంగా చెబుతున్నాడు.

"కాయిల్ లోపల కాయిల్, దాని లోపల ఇంకో కాయిల్. గట్ల చుట్టితే ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కదు సార్. కరెంటు అసలే వేస్టు గాదు."

అతనికి కాపలాగా వచ్చిన ప్రభుత్వ ఏజెంట్ ఫణీంద్ర జేబులో సెల్‌ఫోన్ మోగింది. చూడటానికి రెండు సెకన్లు తల వంచాడు. ఎత్తేసరికి, సనత్‌నగర్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు వైండింగ్ చేసిన ఆ మనిషి నేల మీద ఉన్నాడు. మెడ మీద సూది దిగిన ఎర్రటి చుక్క. పక్క నుంచి దూసుకుపోయిన స్కూటర్ అప్పటికే మలుపు తిరిగింది.

నాలుగు రోజులైనా ఆ గొంతు ఫణీంద్రను వదల్లేదు. జావా, ఒరాకిల్ బోర్డుల కింద నడుస్తుంటే వెనక నుంచి "సార్" అని వినిపించేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు.

శుక్రవారం పంజాగుట్టలో, ఒక ట్రావెల్ ఏజెన్సీ వెనక గదిలో, చీఫ్ ఛాయాదేవి బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించింది.

"డిజైన్ ఫ్లాపీలు రాజనర్సయ్య ఇంట్లో లేవు. విదేశీ ముఠా ఈ రోజే వాటిని దేశం దాటిస్తుంది. ముఠాలో మన మనిషి రవళి ఉంది. ఆమెను కలువు. కోడ్?"

"ఒరాకిల్ కొత్త బ్యాచ్ ఎప్పుడు?"

"జవాబు, 'ఆషాఢం వెళ్లాక'. బయల్దేరు."

ఫణీంద్ర ముందు బల్కంపేట వెళ్లాడు. రాజనర్సయ్య భార్య భూలక్ష్మి తలుపు తీసింది. లోపల బల్ల మీద కొబ్బరికాయంత ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా మూలుగుతోంది.

"బంద్ జెయ్యబుద్ధి అయితలేదు సార్," అంది. "ఆయన ఊపిరి లెక్క ఉన్నది."

ఫణీంద్ర ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "అమ్మా, సోమవారం ఇంటికెవరైనా వచ్చారా?"

"ఒక పిల్ల వచ్చింది. సిల్కు చీర, నల్లద్దాలు. వచ్చుడుతోటే నా చేతులు పట్టుకొని 'ఎంత ఘోరం జరిగిందక్కా' అని ఏడ్చింది. ఏం జరిగిందమ్మా అన్న. మొఖం పాలిపోయింది. ఇల్లు తప్పొచ్చిన, జర నీళ్లియ్యుమన్నది. తెచ్చేసరికి లేదు."

"ఎన్నింటికి?"

"పదింటికి. పోలీసోళ్ల ఫోను పదకొండుకు వచ్చింది."

ఫణీంద్ర లెక్క వేసుకున్నాడు. పదింటికి రాజనర్సయ్య బతికే ఉన్నాడు. బస్సు ఆలస్యమైనందుకు నలభై నిమిషాలు ఎక్కువ బతికాడు. ఆ సంగతి ఇక్కడ తెలిశాకే, రోడ్డు మీద తను తల వంచేలా ఆ పిల్ల కాల్ చేసింది. ఆ కాల్ రవళిది. ఇన్నాళ్లూ కాకతాళీయం అనుకున్నాడు.

మైత్రీవనం వెనక, మూడో అంతస్తు. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో రవళి కౌన్సెలర్. ఫణీంద్ర లావు కళ్లద్దాలతో, సర్టిఫికెట్ల ఫైలుతో నిరుద్యోగిలా లోపలికి వెళ్లాడు.

"ఒరాకిల్ కొత్త బ్యాచ్ ఎప్పుడండీ?"

"ఆషాఢం వెళ్లాక." రవళి అందంగా నవ్వింది. "ఏంటి ఫణీంద్ర గారూ, ఈ అవతారం?"

"చావకముందే ఏడ్చావట."

నవ్వు ఆగింది. డ్రాయర్‌లోంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ బయటికొచ్చింది. ఆమె వెనక మానిటర్ మీద ఫ్లాపీల్లోని డిజైన్ అప్‌లోడ్ అవుతోంది. ఎనభై ఎనిమిది శాతం.

"ఆయన నీకేం చేశాడు?"

"ఏం చేయలేదు. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు." ఆమె గొంతు తగ్గింది. "మీకూ వినిపిస్తోందా, ఆయన పిలుస్తున్నట్టు?"

"వినిపిస్తోంది."

తొంభై ఆరు. రవళి చూపు మానిటర్ వైపు మళ్లింది. గోడ వెంట ఫణీంద్ర కాలి పక్క నుంచి పోయే ఇంటర్నెట్ టెలిఫోన్ వైరును బూటుతో మెలిపెట్టి లాగేశాడు. తూటా భుజాన్ని గీరుకుపోయింది. తొంభై తొమ్మిది దగ్గర స్క్రీన్ ఆగిపోయింది. పూర్తికాకుండా తెగిన ఫైలు ఎక్కడా తెరుచుకోదు.

చీఫ్ తోడుగా పంపగా పొద్దున్నించీ వరండాలో జిరాక్స్ తీస్తున్న ఏజెంట్ సాయిలు లోపలికొచ్చాడు.

"పిస్తోల్ కింద పెట్టుండ్రి మేడమ్. ఇంక పరేషాన్ వద్దు."

రవళి నిజంగానే ఊరట పొందినదానిలా పెట్టేసింది. ఆమె చెప్పిన ఆనవాళ్లతో, స్కూటర్ మీది హంతకుణ్ని, వాణ్ని పంపిన విదేశీయుణ్ని సాయంత్రానికల్లా బేగంపేట ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు.

భుజానికి కట్టుతో ఫణీంద్ర, రవళి దగ్గర దొరికిన మూడు ఫ్లాపీలు చీఫ్ ముందు పెట్టాడు.

"ఇవి ఇప్పుడు ఎవరికిస్తారు మేడమ్?"

"ఇచ్చేదేముంది? తొంభై నాలుగులోనే ఆయన ఈ డిజైన్ తీసుకోమని ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాడు. డిజైన్ కాపీ కమిటీ దగ్గరుంది."

"ఆరేళ్లుగా కమిటీ ఏం చేసింది?"

ఛాయాదేవి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"రహస్యంగా ఉంచింది, ఫణీంద్రా. ఆ పనిలో వాళ్లు మనకంటే సమర్థులు."